ఏదుపంది పోగు

మొన్న సాయంత్రం కింది వాటాలో అద్దెకుండేవాళ్ల చిన్నపిల్ల ఫోను పట్టుకుని గబగబా మెట్లెక్కి వచ్చింది. ఎడపల్లి దగ్గర ఎవరిదో పొలం బావిలో ఏదో జంతువు పడిందట, వల వేసి పైకి తీస్తున్నారట, ఆ వీడియో చూపించింది. ఒళ్లంతా నలుపూ తెలుపూ ముళ్లు. పాపం, వలలో ముడుచుకుని గలగలమని ముళ్లు ఆడిస్తోంది.

"అమ్మమ్మా, గిదేంది?" అంది.

"ఏదుపంది."

"నువ్వెప్పుడన్న సూసినవా?"

"సూసుడేంది, తిన్న" అన్నాను.

"ఛీ! ముండ్లు గుచ్చుకోలేదా?"

"ముండ్లు పీకినంక తింటరే పిచ్చిదానా."

పిల్ల పడీపడీ నవ్వి, ఈ వింత వాళ్లమ్మకు చెప్పడానికి దడదడా మెట్లు దిగిపోయింది. ఎలా తిన్నానో, ఎందుకు తిన్నానో చెబుదామని నేను నోరు తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. టీవీ పెడితే అది వాగుతుంది గాని నా మాట వినదు. కడుపులో ఊరిన మాట బయటికి రాకపోతే నాకు నిద్రపట్టదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

ముందే ఒక మాట. ఇప్పుడు ఏదుపందిని కొడితే జైల్లో పెడతారు. పెట్టాల్సిందే. ఉన్నవే తక్కువ, వాటినీ తినేసి మనం బావుకునేదేమీ లేదు. నేను చెప్పేది ఆ సంగతి ఎవరికీ పట్టని కాలం గురించి.

మా ఊరు బోధన్ వైపు. ఎటు చూసినా చెరుకే. చలికాలం వచ్చిందంటే ఫ్యాక్టరీ కూత మా ఊరిదాకా వినిపించేది, గాలి అటునుంచి తిరిగితే చెరుకు మడ్డి వాసన ఇంట్లోకి వచ్చి అన్నంలో కూడా కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతే ఏదో తక్కువైనట్టు ఉండేది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఎడ్లబండ్ల మీద దిగేవి. నిండు బండి రోడ్డెక్కితే చాలు, మేం ఆడపిల్లలం వెనకనుంచి చెరుకుగడ పట్టుకుని వేలాడేవాళ్లం. "ఏ పోరీ, సోడ్!" అని బండివాడు అరిచేవాడు. వదలమని అతను మరాఠీలో అరుస్తున్నాడని తెలుసు. తెలియనట్టు ముఖం పెట్టి ఇంకా గట్టిగా లాగేవాళ్లం.

పెద్ద మడి చెరుకు కొట్టేటప్పుడు నాలుగు దిక్కుల నుంచీ కొట్టుకుంటూ లోపలికి వస్తారు. ఆ మడిలో కాపురం ఉన్న జీవాలన్నీ వెనక్కి జరుగుతూ జరుగుతూ చివరికి నడుమ మిగిలిన ముక్కలోకి చేరతాయి. చెవులపిల్లులు, కౌజులు, అడవిపిల్లి, ఒక్కోసారి అడవిపంది. ఆ ఆఖరి ముక్క కొట్టే రోజు ఊరు ఊరంతా కట్టెలు, వలలు, కుక్కలతో చుట్టూ నిలబడేది. మాకు జాతర అంటే అదే. మగవాళ్లు ఎప్పుడో తిన్న మాంసం రుచులు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లు. కౌజు ఇగురు ముందర కోడి ఎందుకూ పనికిరాదని ఒకరంటే, ఏదుమాంసం తింటే దమ్ము తగ్గుతుందని ఇంకొకరు. దమ్ముతో ఆయాసపడే ఒక ముసలాయన ఏటా తినేవాడు, ఏటా ఆయాసపడేవాడు. అయినా ఆ మాట ఎవరూ వదల్లేదు.

వేటకు పెద్ద ఒక తాత. ఎవరి తాతో నాకు తెలియదు, ఊరందరూ తాత అనేవాళ్లు. ఆయన వేటాడేవాడు కాదు, పంచేవాడు. మా ఊళ్లో వేటమాంసం మనుషుల లెక్కన పంచరు, పొయ్యిల లెక్కన పంచుతారు. పొద్దు వాలి, ఇళ్లల్లో రాత్రి వంటకు పొయ్యిలంటించే వేళకు తాత గట్టెక్కి ఊరివైపు చూసేవాడు. ఏ ఇంటి పెంకుల మీద పొగ లేస్తే ఆ ఇంటికి మోదుగాకు మీద ఒక పోగు. మడి ఆసామికి ఒక తొడ, మొదటి దెబ్బ వేసినవాడికి తల, కుక్కలకు పేగులు. మిగిలిందంతా సమానంగా పోగులు. పోగును మగవాడి పేరుతో పిలవడు తాత. పొయ్యి ఎవరిదైతే ఆ ఆడమనిషి పేరు గట్టిగా పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు ఎవరైనా వెళ్లి గిన్నె పట్టాలి.

మా వైపు కన్నతల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటారు. పెద్దవ్వ పేరు పిలవగానే మా అవ్వ పేరు వచ్చేది. పెద్దవ్వ అంటే బాపు అన్న భార్య. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. తాత గొంతులో మా అవ్వ పేరు వినపడగానే గిన్నె పట్టుకుని ఉరికేది నేనే. ఇంట్లో అందరూ ఆమెను ఏదో ఒక వరసతో పిలిచేవాళ్లు. బాపు అయితే "ఏమే" అనేవాడు. నిండు పేరుతో, ఊరంతా వినేలా ఆమెను పిలిచేది ఆ ఒక్క రోజే.

అవ్వ ఒక వానాకాలంలో జ్వరం వచ్చి పోయింది. పోయిందంతే, దాని గురించి రాయడానికి నా దగ్గర ఇప్పటికీ మాటలు లేవు. పెద్దవ్వ ఆ రోజు నుంచే మమ్మల్ని తన ఇంట్లో కలుపుకుంది. బాపూ నేనూ మూడు పూటలా అక్కడే తినేవాళ్లం. పడుకోవడానికి మాత్రం మా ఇంటికి వచ్చేవాళ్లం. పెద్దవ్వ నాకు ఏ లోటూ చేయలేదు. తన పిల్లల కంటే ముందు నాకే పెట్టేది, మూలుగబొక్క దొరికితే నా పళ్లెంలోకే వచ్చేది. మా పొయ్యిలో పిల్లి లేవలేదు అనడానికి కూడా లేదు, ఆ పొయ్యిలో పెద్దవ్వ కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ చలికాలం మొదటి వేటకు నేను గిన్నె పట్టుకుని పోయాను. తాత వరసగా పేర్లు పిలుస్తున్నాడు. పెద్దవ్వ పేరు పిలిచాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. తాత మా పక్కింటామె పేరు పిలిచాడు.

"తాతా, మా పోగేది?" అన్నాను.

తాత నా వైపు చూశాడు. "మీ ఇంట్ల పొగ లేస్తలేదు గద బిడ్డా. మీది పెద్దవ్వ పొయ్యిల కలిసింది" అన్నాడు, మెల్లగానే.

ఖాళీ గిన్నెతో తిరిగి వస్తుంటే నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. మాంసం కోసం కాదు. మాంసం పెద్దవ్వ ఇంట్లో కావలసినంత తిన్నాను. మా అవ్వ పేరు తాత దాటేసి పోయాడు. ఊళ్లో ఎవరూ అది పట్టించుకోలేదు. పక్కింటామె పేరు నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ గొంతుతో ఆ పేరు పిలిపించాలి. ఒకటి పట్టుకున్నానంటే వదిలే రకం కాదు నేను, ఇప్పటికీ అంతే. పొగ లేస్తే పేరు పిలుస్తారు. అయితే పొగ లేపాలి. అంతకు మించి నా బుర్రకు ఏమీ తోచలేదు.

ఊరికి పడమట ఉన్న పెద్ద మడి ఆఖరి ముక్క కొట్టే రోజు వచ్చింది. దాని నడుమ పాత పుట్ట ఒకటి ఉంది, అందులో ఏదుపంది ఉందని చెరుకు కొట్టేవాళ్లు ముందే చెప్పారు. మొదళ్ల దగ్గర కొరికి పడేసిన చెరుకు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అది బయటికి రావడం నేను చూశాను. ఎండిన చింతకాయల మూట కదిలించినట్టు చప్పుడైంది, తర్వాత అది వచ్చింది. కుక్క మీదికి దూకితే పారిపోలేదు. గిర్రున తిరిగి వెనక్కి వెనక్కి పరుగెత్తి కుక్క మూతినిండా ముళ్లు దింపింది. ఆ కుక్క అరుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను. ఏదుపంది మీద కట్టెలు పడ్డాయి. అది చచ్చిపోయాక చూస్తే చాలా చిన్నగా ఉంది. ముళ్లు నిక్కబొడుచుకున్నప్పుడు అంత పెద్దగా కనిపించింది మరి.

మగవాళ్లు ముళ్లు పీకడం మొదలుపెట్టారు. ఆ ముళ్లంటే ఆడపిల్లలకు ప్రాణం, పాపిట తీసుకోవడానికి బాగుంటాయి. అందరూ ముళ్ల కోసం కొట్టుకుంటుంటే నేను ఇంటికి ఉరికాను.

కోడిని పొయ్యిలోంచి లేపడమే పెద్ద పని అయింది. నా చెయ్యి పొడిచింది. గుడ్లు తీసి గంపలో పెట్టాను. పొయ్యి బీటలు వేసి ఉంటే ఎర్రమట్టి తడిపి, అవ్వ పూసినట్టే అరచేత్తో పూశాను. బాపు బీడీల అగ్గిపెట్టె దూలం సందులో ఉంటుంది, తెచ్చాను. కట్టెలు మాకు లేవు, వంటే లేనప్పుడు కట్టెలెందుకు ఉంటాయి? పెరట్లో ఎడ్లకు వేసిన చెరుకాకు ఉంది, పచ్చిది. ఒడినిండా తెచ్చి పొయ్యిలో కుక్కి, కింద ఎండుగడ్డి పెట్టి అంటించాను. తడిమట్టి, పచ్చాకు. మంట రాలేదు గాని పొగ వచ్చింది. ఎలాంటి పొగ! ఇల్లంతా తెల్లబడిపోయింది. నా చెయ్యి నాకు కనపడలేదు. సంతోషంతో ఇంకో ఒడి ఆకు తెచ్చి వేశాను.

మడి దగ్గర ఏం జరిగిందో తర్వాత అందరూ అందరికీ చెప్పారు. తాత గట్టెక్కి పొగలు లెక్కపెడుతున్నాడట. ఉన్నట్టుండి మా ఇంటి పెంకుల సందుల్లోంచి పొగ మొత్తంగా లేచిందట. మా ఇంటికి పొగ రాదని ఊరందరికీ తెలుసు. రాని ఇంటికి పొగ వచ్చిందంటే ఇల్లంటుకున్నట్టే లెక్క. ఎండిన చెరుకాకు ఊరంతా పరుచుకుని ఉండే రోజులు, నిప్పంటే మాకు గుండె ఆగిపోతుంది. బాపు చేతిలో కత్తి పడేసి పరుగెత్తాడట. వెనక ఊరంతా.

నేను కళ్లు నలుపుకుంటూ పొయ్యి ఊదుతుంటే గడప దగ్గర బిందెడు నీళ్లు దభాలున పడ్డాయి.

"బిడ్డా! ఓ బిడ్డా! ఏడున్నవే?" పెద్దవ్వ గొంతు. "ఓ దేవుడో, పోరి కాలిపాయెనో ఏమో!"

"నేను మంచిగనే ఉన్న" అని లోపలి నుంచి అరిచాను. "నీళ్లు పొయ్యకు, పొయ్యి ఆరిపోతది!"

బాపు పొగలో తడుముకుంటూ లోపలికి వచ్చాడు. అవ్వ పోయాక ఆయన ఆ వంటింటి గడప దాటడం అదే మొదలు. పొయ్యిని చూశాడు, మట్టి పూసిన నా చేతులను చూశాడు. కొడతాడనుకున్నాను. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఏం వండుతున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు. ఊకె పొగ వెట్టిన. తాత అవ్వ పేరు పిలుస్తడని."

బాపు లేచి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వాకిట్లో ఊరంతా బిందెలతో నిలబడి ఉంది. కొందరు తిడుతున్నారు, కొందరు నవ్వుతున్నారు. అందరి వెనక తాత కట్టె ఊతతో మెల్లగా నడిచి వచ్చాడు. మా పెంకుల మీద ఇంకా పొగ లేస్తోంది. ఆయన దాన్ని చూసి, బాపును చూసి అడిగాడు.

"ఏందిరా తమ్మీ, ఏరువడ్డరా?"

వేరు పడ్డారా అని. నవ్వులు ఆగిపోయాయి. మా ఊళ్లో ఒకసారి కలిసిన పొయ్యి మళ్లీ రెండైందంటే దానికి అర్థం ఒకటే, అన్నదమ్ములు విడిపోయారని. పిల్లకు తెలియక పెట్టింది తాతా, అని బాపు అంటే అక్కడికి అయిపోయేది. నేను అబద్ధం పొగ పెట్టినదాన్నయ్యేదాన్ని, మా అవ్వ పేరు ఇంక ఎప్పటికీ రాదు. నేను బాపు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బాపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత గోడ దగ్గర నిలబడ్డ పెద్దవ్వను చూశాడు.

"ఆ, ఏరువడ్డం తాతా" అన్నాడు.

పెద్దవ్వ చేతిలో ఖాళీ బిందె ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, "గట్లనా" అని ఒక్క మాటే అని తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

అందరం మళ్లీ మడి దగ్గరికి నడిచాం. పోగులు పడ్డాయి. తాత పేర్లు పిలుస్తున్నాడు. పెద్దవ్వ పేరు పిలిచాడు, వాళ్ల చిన్నోడు గిన్నె పట్టాడు. నేను గిన్నె ముందుకు పట్టుకుని నిలబడ్డాను. తాత గొంతు సవరించుకుని ఊరంతా వినేలా పిలిచాడు.

నా పేరు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ పిలిచాడు, ఇంకా గట్టిగా. "రా బిడ్డా. పొయ్యి అంటువెట్టింది నువ్వే గద. పొయ్యి ఎవలదైతే వాళ్ల పేరే." నలుగురూ నన్ను ముందుకు తోశారు. గిన్నెలో మాంసం పడింది. వేడిబూడిదలో కాల్చి గీకిన తోలుతో, పసుపు పట్టించి, బరువుగా. అవ్వ చచ్చిపోయిందని నాకు ఆ వానాకాలంలో చెప్పారు. నమ్మింది మాత్రం అప్పుడే.

ఇంటికి తెచ్చాక వండాలి కదా. బాపుకు రాదు, నాకు రాదు. బాపు ఎక్కడినుంచో ఎండుకట్టెలు తెచ్చాడు. కుండలో నీళ్లు పోసి మాంసం వేసి ఉడకపెడుతున్నాను. ముతకవాసన, పచ్చిమట్టీ కుళ్లిన చెరుకూ కలిసినట్టు. అంతలో గోడ అవతల కొట్టంలోంచి పెద్దవ్వ గొంతు వినిపించింది. బర్రెతో మాట్లాడుతోంది.

"ఓసి బర్రే, వింటున్నవా? ఏదుకూర తొలినీళ్లు పారవొయ్యకుంటె నోట్ల వెట్టరాదు. ఎల్లిగడ్డ మస్తుగ ఎయ్యాలె. ఉప్పు కడాకర్ల, దించేముందు."

బర్రె ఏమందో తెలియదు. నేను తొలినీళ్లు పారబోశాను. కొంతసేపటికి గోడ అవతల మళ్లీ, "మంట తగ్గియ్యవే బర్రే, తోలు మెత్తగ గావాలంటే నిదానంగ ఉడుకాలె" అని వచ్చింది. మంట తగ్గించాను. గోడ మీద రెండు వెల్లుల్లి గడ్డలు ఎవరు పెట్టారో నేను అడగలేదు.

బాగా చీకటి పడ్డాక కూర అయింది. నేను కొట్టిన జొన్నరొట్టెలు చూస్తే ఎడ్లు కూడా నవ్వేవి. ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని తిన్నాం. తోలు సాగుతోంది, కింద కొవ్వు మెత్తగా జారిపోతోంది, నోట్లో ఎల్లిగడ్డ ఘాటు. చెప్పకూడదు గాని, బాగుంది. అలాంటి రుచి మళ్లీ నేను ఎరగను. బాపు రెండోసారి పెట్టించుకున్నాడు. తింటూ తింటూ ఆగి, ఒక మాట అన్నాడు.

"మీ అవ్వ ఏదుకూర ఎన్నడు వండలేదు బిడ్డా. ఆమెకు ఈ వాసన పడకపోతుండె."

"మరి పోగు తెస్తుంటిమి గద?"

"తెచ్చి మీ పెద్దవ్వకిస్తుండె. ఆమె వండి పంపుతుండె."

నాకు ఆ సంగతే తెలియదు. మా పొయ్యి మీద ఉడికిందనే అనుకున్నాను అన్నేళ్లూ. గబగబా లేచి, ఒక గిన్నెలో కూర వేసుకుని గోడ చుట్టూ తిరిగి పెద్దవ్వ ఇంటికి పోయాను. వాళ్లూ అప్పుడే బంతిగా కూర్చుని తింటున్నారు. నేను రోజూ కూర్చునే చోట వాళ్ల చిన్నోడు కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"పెద్దవ్వా, కూర తెచ్చిన."

పెద్దవ్వ గిన్నె అందుకుంది. వేలితో ముట్టి రుచి చూసింది. "మంచిగ వండినవ్ బిడ్డా" అంది. కోపం లేదు ఆ గొంతులో, కోపం ఉన్నా బాగుండేది. కూర తన గిన్నెలోకి వంపుకుంది. మా గిన్నె కడిగింది. కడిగి, ఉట్టి మీద డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి అందులో వేసి నా చేతికిచ్చింది.

ఊళ్లో ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపరు. ఏదో ఒకటి వేసి పంపుతారు, మర్యాద అది. పొరుగువాళ్లకు చేసే మర్యాద. సొంత ఇంటి గిన్నెలో బెల్లం ఎవరూ వేయరు. అంతకు ముందురోజు దాకా ఆ ఇంటి అంట్లన్నీ నేనూ పెద్దవ్వ కూతుళ్లూ కలిసే తోమాం. గిన్నె పట్టుకుని నేను గడపలో నిలబడ్డాను. కూర్చో, అంటుందేమోనని చూశాను. ఆమె మంచిదే, అనాలని ఆమెకూ ఉందేమో. అప్పటికే తిని వచ్చిన పొరుగింటి పిల్లను కూర్చోమని ఎందుకంటారు?

మర్నాడు పొద్దున బాపు పెద్దవ్వ ఇంటివైపు పోలేదు. ముఖం కడుక్కుని వచ్చి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నేను బడి సంచి పక్కన పెట్టి కట్టెలు తెచ్చుకున్నాను.

ఆ తర్వాత బాపు పోయేదాకా ఆ పొయ్యి నేనే అంటించాను. పెళ్లయి నిజామాబాద్ వచ్చాక ఇంకో పొయ్యి, ఆయన పోయాక ఒక్కదానికి ఒక పొయ్యి. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. తల్లి పేరు వినాలనుకోవడం తప్పెలా అవుతుంది? పెద్దవ్వతో మాకు చెడింది కూడా లేదు. పండుగకూ పబ్బానికీ పిలిచేవాళ్లు, వెళ్లేవాళ్లం. చాప వేసేవాళ్లు, ముందు మాకే వడ్డించేవాళ్లు, ఇంకొంచెం వేసుకొమ్మని బతిమాలేవాళ్లు. బతిమాలించుకుని తిని వచ్చేవాళ్లం. అంతకు ముందు ఆ ఇంటికి నన్ను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఆకలైతే పోయి కూర్చునేదాన్ని.